కారు అలారము : సున్నితత్వపు సవరణ

"అలారము" అను పదము ఇటాలియను భాషలోని "ఆల్ ఆర్మె" అను పిలుపునుండి పుట్టినది. "ఆయుధములు చేపట్టుడు" అని దాని అర్థము. మన కళాశాలలోని ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇరువురకును పరిచితమైన "ఖబర్దార్" అను మాట కూడ ఇట్టిదే. "ఖబర్" అనగా వార్త, "దార్" అనగా కలవాడు. సంగతి తెలిసి మెలకువతో ఉండుమని దాని భావము. ఈ రెండు పదములును ఒకే విషయమును బోధించుచున్నవి. హెచ్చరికకు విలువ దాని ధ్వనిలో లేదు, అది మోసికొని వచ్చు వార్తలో ఉన్నది. వార్త లేని హెచ్చరిక కేవలము రొద.

నేడు మన నగరములలోని ఇరుకు వీధులలో ఇండ్ల ముంగిట వరుసగా కార్లు నిలిచియుండును. అర్ధరాత్రి ఒక లారీ ప్రక్కనుండి పోయినను, ఉరుము ఉరిమినను, పిల్లి బానెట్టుమీదికి దూకినను వాటిలో ఏదో ఒకటి గొల్లుమనును. నిద్రించువారు ఉలికిపడి లేతురు. రోగులు బాధపడుదురు. మరునాడు పరీక్షకు పోవలసిన విద్యార్థి తిట్టుకొనుచు తలగడ చెవులపై కప్పుకొనును. ఒక్కరును వచ్చి కారును చూడరు. కొన్ని దినములకు యజమానియే విసిగి అలారమును పూర్తిగా ఆపివేయును. ఆవిధముగా దొంగనుండి కాపాడవలసిన యంత్రము తన అతిసున్నితత్వము చేతనే నిరుపయోగమగును. ఈ లోపమునకు చికిత్స చాలమార్లు ఒక చిన్న స్క్రూను కొద్దిగా త్రిప్పుటయే. కాని ఎంత త్రిప్పవలెను, ఏల త్రిప్పవలెను, త్రిప్పుటకు ముందు ఏమి పరిశీలింపవలెను అను ప్రశ్నలకు జవాబు చెప్పవలెనన్న కొంత భౌతికశాస్త్రమును, కొంత లెక్కయు, కొంత లోకజ్ఞానమును అవసరము. ఆ మూడింటిని సంగ్రహముగా వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

అలారములోని భాగములు

దొంగ రాకను విద్యుత్తుచే తెలిసికొను ప్రయత్నము కార్లకంటె ప్రాచీనమైనది. అమెరికాలో అగస్టస్ రస్సెల్ పోప్ అను నతడు 1853లోనే తలుపు, కిటికీ తెరచినంతనే విద్యుద్వలయము పనిచేసి గంట మ్రోగు ఏర్పాటుకు పేటెంటు పొందెను. కారు అలారము ఆ గంటకు వారసురాలే.

ఏ అలారమునందైనను మూడు అంగములు ఉండును. మొదటిది సెన్సారు. ఇది బయటి మార్పును గ్రహించును. రెండవది నియంత్రణ పెట్టె. సెన్సారు పంపిన సంకేతము లెక్కింపదగినదా కాదా అని ఇది నిర్ణయించును. మూడవది సైరను. నిర్ణయమును లోకమునకు చాటుట దీని పని. మనకు వినబడునది మూడవదియే గనుక దానినే నిందింతుము. కాని దోషము సాధారణముగా మొదటి రెండింటి నడుమ ఉండును.

సెన్సార్లు పెక్కు రకములు. తలుపులకు, డిక్కీకి, బానెట్టుకు చిన్న స్విచ్చులు ఉండును. అవి తెరచినదా మూసినదా అను ఒక్క విషయమునే చెప్పును. కారు లోపలి గాలిలో కదలికను పసికట్టు అల్ట్రాసానిక్ సెన్సార్లు కొన్నిటియందు కలవు. ఇవి మన చెవికి వినబడని, సుమారు 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యము గల ధ్వనిని వెలువరించి, తిరిగి వచ్చు ప్రతిధ్వనిలోని మార్పును గమనించును. క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించిన సూత్రమే దీనికి ఆధారము. ఇక మన వ్యాసమునకు ముఖ్యమైనది షాక్ సెన్సారు, అనగా కారు శరీరమునకు తగిలిన దెబ్బను, కలిగిన అదరును గ్రహించునది. అనవసరపు మ్రోతలలో పెక్కింటికి ఇదియే మూలము. సవరించుటకు వీలైనదియు ముఖ్యముగా ఇదియే.

అదరును గుర్తించు విధము

షాక్ సెన్సారు అగ్గిపెట్టెను పోలిన చిన్న పెట్టె. పాత రకపు సెన్సార్లలో రబ్బరు మీదనో, సన్నని స్ప్రింగు మీదనో ఒక అయస్కాంతము అమర్చబడియుండును. దాని ప్రక్కనే తీగచుట్ట ఉండును. కారు అదరినప్పుడు అయస్కాంతము ఊగును, తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణయే ఇది. మరికొన్నింటిలో పీజో పళ్ళెము ఉండును. కొన్ని స్ఫటికములను ఒత్తినచో వాటి ముఖములపై విద్యుదావేశము ఏర్పడునని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొనిరి. దెబ్బ తగిలినప్పుడు పీజో పళ్ళెము వంగి, క్షణకాలము వోల్టేజి పుట్టించును. ఇటీవలి సెన్సార్లలో సిలికాను పలుకపై చెక్కిన అతిసూక్ష్మమైన త్వరణమాపకము ఉండును. సెల్‌ఫోనును త్రిప్పినప్పుడు తెర కూడ తిరుగునట్లు చేయునదియు ఈ జాతిదే.

రకమేదైనను పుట్టిన సంకేతము మిక్కిలి స్వల్పము. దానిని ఒక వర్ధకము పెద్దది చేయును. పిమ్మట ఒక పోల్చు వలయము దానిని ముందుగా నిర్ణయించిన హద్దుతో సరిచూచును. సంకేతము హద్దు దాటినచో "దెబ్బ తగిలినది" అని వార్త పోవును, దాటనిచో మౌనము. మనము త్రిప్పు చిన్న స్క్రూ ఒక చరనిరోధకమునకు చెందినది. దానిని త్రిప్పుటవలన వర్ధనమో, హద్దో మారును. సున్నితత్వమును తగ్గించుట అనగా సెన్సారును చెవిటిదానిని చేయుట కాదు. ఏ దెబ్బ లెక్కింపదగినదో ఆ హద్దును పైకి జరుపుట మాత్రమే.

అనేక అలారములలో రెండు హద్దులు ఉండును. చిన్న దెబ్బకు "కీచు కీచు" మని క్షణకాలపు హెచ్చరిక, పెద్ద దెబ్బకు పూర్తి సైరను. ఇది వివేకముతో కూడిన ఏర్పాటు. కారుపై ఆనుకొన్న బాటసారికి కీచుధ్వని చాలును. అద్దము పగులగొట్టువానికి సైరను కావలెను.

రెండు విధములైన పొరపాట్లు

ఇచట విద్యార్థులు శ్రద్ధతో గమనింపవలసిన సూత్రము ఒకటి ఉన్నది. ఏ హెచ్చరిక యంత్రమైనను రెండు విధములుగా పొరబడును. దొంగ లేనప్పుడు మ్రోగుట మొదటిది, దొంగ ఉన్నప్పుడు మ్రోగకుండుట రెండవది. హద్దును క్రిందికి జరిపినచో రెండవ పొరపాటు తగ్గి మొదటిది పెరుగును. పైకి జరిపినచో మొదటిది తగ్గి రెండవది పెరుగును. ఒకే సెన్సారును ఉంచుకొని, కేవలము హద్దును జరుపుటచే రెండింటిని ఒకేసారి తగ్గించుట అసాధ్యము. రెండవ ప్రపంచయుద్ధమున రాడారు తెరలపై శత్రువిమానములను వెదకినవారికి ఈ చిక్కు ఎదురైనది. 1950 దశకమున గణితజ్ఞులు, మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు దీనిని "సంకేత పరిశోధన సిద్ధాంతము" అను పేర శాస్త్రముగా తీర్చిదిద్దిరి.

తప్పుడు హెచ్చరిక కేవలము చికాకు మాత్రమేయని తలపరాదు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ అమెరికానుండి క్షిపణులు వచ్చుచున్నవని చాటెను. మొదట ఒకటి, పిమ్మట మరి నాలుగు. విధిలో నున్న స్టానిస్లావ్ పెట్రోవ్ అను అధికారి, నిజమైన దాడి అయిదు క్షిపణులతో ప్రారంభము కాదని ఊహించి, అది యంత్రపు పొరపాటేయని పైవారికి తెలిపెను. మేఘములపై ప్రతిఫలించిన సూర్యకాంతి ఉపగ్రహమును భ్రమింపజేసెనని తరువాత తేలెను. యంత్రము చెప్పినదంతయు వార్త కాదనుటకు ఇంతకంటె గంభీరమైన ఉదాహరణము వేరొకటి లేదు.

ఇక మన బాలబాలికలందరు ఎరిగిన "నాన్నా! పులి" కథ ఉండనే ఉన్నది. ఆ కథలో బాలుని పొరపాటు అబద్ధమాడుట. కారు అలారము అబద్ధమాడదు. అది నిజముగానే అదరును గ్రహించి అరచును. అయినను వినువారి మనస్సుపై కలుగు ఫలితము మాత్రము ఆ బాలుని కేకవలెనే ఉండును.

ఒక చిన్న లెక్క

దీనిని అంకెలతో చూచిన స్పష్టమగును. ఈ అంకెలు ఉదాహరణకై ఊహించినవి. ఒక వీధిలోని ఒక కారును సంవత్సరములో ఒక్కసారి మాత్రమే దొంగ తాకెననుకొందము. దాని అలారము రాత్రికి రెండుమార్లు నిష్కారణముగా మ్రోగుచున్నది. సంవత్సరమునకు 730 తప్పుడు మ్రోతలు, ఒక నిజమైన మ్రోత, వెరసి 731. కనుక మ్రోత విన్న పొరుగువాడు "ఇది నిజమై ఉండునా?" అని తలచినచో అందుకు అవకాశము 731లో 1. అతడు నిద్రలేవకుండుట సోమరితనము కాదు, సరియైన లెక్కయే.

ఇప్పుడు సున్నితత్వమును సవరించి, తప్పుడు మ్రోతలు నెలకు ఒకటికి తగ్గినవనుకొందము. సంవత్సరమునకు 12 తప్పుడువి, ఒకటి నిజమైనది. నిజమగు అవకాశము 13లో 1. అనగా అదే సైరను, అదే ధ్వని, కాని దాని మాటకు విలువ 56 రెట్లు పెరిగినది. ఇప్పుడు పొరుగువాడు కనీసము కిటికీ తెరచి చూచును. దొంగకు కావలసినది చీకటి, భయపడునది చూచు కన్నులకు. అలారమును "తగ్గించుట" వలన రక్షణ తగ్గునను భయము సరికాదని ఈ లెక్క తెలుపుచున్నది.

పైగా షాక్ సెన్సారు ఒక్కటే కారుకు కాపలా కాదు. తలుపు తెరచినచో స్విచ్చు చెప్పును. ఇంజనును కదలనీయక ఆపునది ఇమ్మొబిలైజరు. తాళపుచెవిలోని చిప్పు సరియైన సంకేతము నీయనిచో ఇంజను పనిచేయదు. ఐరోపా సమాజ దేశములలో 1998నుండి క్రొత్త ప్రయాణికుల కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. అలారము పిలుచును, ఇమ్మొబిలైజరు ఆపును. పిలుచువానికి పిలుపులో మితము ఉండవలెను.

సవరణకు ముందు : నిజమైన దోషి ఎవరు?

వైద్యుడు రోగమును నిర్ణయింపక మందు ఈయడు. అట్లే స్క్రూడ్రైవరు చేపట్టుటకు ముందు మ్రోతకు కారణమును కనుగొనవలెను. అలారము మ్రోగిన దినము, వేళ, వాతావరణము, అప్పుడు వీధిలో జరిగినది ఒక చిన్న పుస్తకములో వారము దినములు వ్రాసికొనిన సగము రహస్యము బయటపడును.

లారీలు, బస్సులు పోయినప్పుడో, ఉరుములకో, దీపావళి టపాకాయలకో, ఊరేగింపులోని డప్పులకో మ్రోగినచో అది షాక్ సెన్సారు సున్నితత్వమే. కిటికీ అద్దము కొద్దిగా దించియుంచిన దినములలో, గాలి వీచినప్పుడు మ్రోగినచో అల్ట్రాసానిక్ సెన్సారును అనుమానింపవలెను. అద్దమునకు వ్రేలాడదీసిన బొమ్మ ఊగినను, సెన్సారుపై సాలెపురుగు పాకినను అది భ్రమపడును. వీధి నిశ్శబ్దముగా ఉండి, ఏ కదలికయు లేకున్నను మ్రోగినచో తలుపు లేక బానెట్టు స్విచ్చు తుప్పు పట్టియుండవచ్చును. వర్షము కురిసిన మరునాడు ఇట్టి మ్రోతలు హెచ్చగుట దీనికి గుర్తు. బానెట్టు స్విచ్చు ఇంజను వేడిలో, దుమ్ములో, నీటిలో ఉండును గనుక ముందుగా చెడునది తరచుగా అదియే.

బ్యాటరీ బలహీనమైనను అలారము తబ్బిబ్బు పడును. పూర్తిగా చార్జి అయి విశ్రాంతిగా నున్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగువ చూపినచో అది దాదాపు ఖాళీ అయినట్లే. అట్టి స్థితిలో సెన్సారును ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు.

అనేక అలారములు ఆపిన వెంటనే డ్యాష్‌బోర్డుపైనున్న చిన్న ఎఱ్ఱదీపమును కొన్ని మార్లు మినుకుమినుకు మనిపించును. ఎన్ని మార్లు వెలిగెనో దానిని బట్టి ఏ సెన్సారు మ్రోగించెనో తెలియును. ఆ పట్టిక అలారముతో వచ్చిన పుస్తకములో ఉండును. ఈ ఒక్క లెక్కింపు గంటల శ్రమను తప్పించును.

సవరించు పద్ధతి

దోషి షాక్ సెన్సారేయని తేలిన పిమ్మట ఈ క్రింది వరుసను పాటింపవలెను. ఇది విడిగా కొని అమర్చిన అలారములకు వర్తించును. కంపెనీ అమర్చిన అలారమును, వారంటీలో నున్న కారును అధికృత సర్వీసు కేంద్రమునకే అప్పగించుట మంచిది.

1. పగటి వేళ, ఆసుపత్రికి పాఠశాలకు దూరముగా, సమతలమైన చోట కారును నిలుపవలెను. ఇరుగుపొరుగువారికి ముందుగా చెప్పవలెను. తాళపుచెవిని, రిమోటును లోపల మరచిపోరాదు.

2. సెన్సారును వెదకవలెను. ఇది సాధారణముగా డ్యాష్‌బోర్డు క్రింద, స్టీరింగు కంబమునకు దగ్గరగానో, గేరు ప్రక్కనో ఉండును. వెదకునప్పుడు పసుపుపచ్చ తొడుగు గల తీగలను ముట్టరాదు. అవి సాధారణముగా ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి.

3. స్క్రూ ఇప్పుడున్న స్థానమును మార్కరు పెన్నుతో గుర్తు పెట్టుకొనవలెను. దారి తప్పినచో తిరిగి వచ్చుటకు ఇది ఆధారము.

4. స్క్రూ చుట్టును కూడిక, తీసివేత గుర్తులు ఉన్నవేమో చూడవలెను. సాధారణముగా కుడివైపు త్రిప్పినచో సున్నితత్వము పెరుగును, ఎడమకు త్రిప్పినచో తగ్గును. కాని కొన్నింటిలో ఇది తారుమారుగా ఉండును గనుక పరీక్షించియే నమ్మవలెను. పెక్కు స్క్రూలు ముప్పావు చుట్టు మాత్రమే తిరుగును. అడ్డము తగిలిన పిమ్మట బలవంతము చేసిన విరిగిపోవును.

5. మొదట సున్నితత్వమును కనిష్ఠమునకు తేవలెను. ఎక్కువనుండి తగ్గించుకొని వచ్చుటకంటె తక్కువనుండి పెంచుకొని పోవుట మేలు. ఏలయన ప్రతి మెట్టునను వీధి నిశ్శబ్దముగా ఉండును.

6. తలుపులు మూసి, అలారమును ఆన్ చేసి, కొంతసేపు ఆగవలెను. పెక్కు అలారములు ఆన్ చేసిన తరువాత కొన్ని సెకండ్లపాటు సెన్సారును లెక్కింపవు. ఇది తెలియనివారు వెంటనే కొట్టి చూచి, మ్రోగలేదని స్క్రూను మరింత త్రిప్పుదురు. అతిసున్నితమైన అలారములు కొన్ని ఈ తొందరవలననే పుట్టినవి.

7. ఇప్పుడు దెబ్బ వేసి చూడవలెను. పిడికిలితో వేయు దెబ్బ ఒకమారు గట్టిగాను, ఒకమారు మెల్లగాను ఉండును. ప్రయోగశాలకు అలవాటుపడిన విద్యార్థికి ఇంతకంటె మంచి మార్గము కలదు. ఒక గుడ్డసంచిలో ఒక కిలో ఇసుక పోసి, మీటరు పొడవు త్రాటికి కట్టి లోలకముగా చేయవలెను. తలుపుల క్రిందనుండు దృఢమైన గడపభాగమున మడచిన తువాలు అడ్డము పెట్టి, సంచిని కొలిచిన ఎత్తునకు లాగి వదలవలెను. ద్రవ్యరాశి, గురుత్వత్వరణము, ఎత్తు, ఈ మూడింటి లబ్ధమే దెబ్బయొక్క శక్తి. 10 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలిన సుమారు 1 జౌలు, 20నుండి 2 జౌళ్ళు, 40నుండి 4 జౌళ్ళు, 60నుండి 6 జౌళ్ళు. అద్దముపైన గాని, తలుపు రేకుపైన గాని కొట్టరాదు.

8. 1, 2 జౌళ్ళ దెబ్బకు మౌనము, 4 జౌళ్ళకు మహా అయిన కీచుధ్వని, 6 జౌళ్ళకు సైరను వచ్చునట్లు స్క్రూను అమర్చవలెను. ప్రతిమారు చుట్టులో ఎనిమిదవ వంతుకు మించి త్రిప్పరాదు. ఒక్క మార్పు చేసి, పరీక్షించి, వ్రాసికొని, పిమ్మటనే మరియొక మార్పు చేయవలెను.

9. చివరి పరీక్షకుడు వీధియే. ఒక వారము దినములు లారీలు, వాన, గాలి అన్నియు పోనిచ్చి పుస్తకములో వ్రాయవలెను. నిష్కారణముగా మ్రోగినచో మరికొంచెము తగ్గింపవలెను.

క్రొత్త రకముల అలారములలో స్క్రూ ఉండదు. రిమోటు మీటలతోనో, దాచియుంచిన చిన్న బటనుతోనో మెట్లను మార్చవలెను. ఈ మీటల వరుస ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధముగా ఉండును. పుస్తకము చూడక ఊహతో మీటలు నొక్కినచో రిమోటే పనిచేయకుండ పోవచ్చును.

పైన పేర్కొనిన జౌళ్ళ అంకెలకు ఒక ఆధారము కలదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 97వది కారు అలారములకు సంబంధించినది. 165 మిల్లీమీటర్ల వ్యాసము గల మెత్తని అర్ధగోళముతో కారు శరీరముపై గాని, అద్దముపై గాని ఎచ్చట తాకించినను 4.5 జౌళ్ళ వరకు అలారము తప్పుగా మ్రోగరాదని అందు విధించిరి. మన ఇసుకసంచి పరీక్ష దానికి సమానము కాదు, దానికి దగ్గరి చుట్టము మాత్రమే. అయినను 4.5 జౌళ్ళు అనగా ఎంతయో ఊహించుటకు ఒక లెక్క చూడుడు. పావుకిలో మామిడికాయ సుమారు 1.8 మీటర్ల ఎత్తునుండి రాలినప్పుడు దానికి అంత శక్తి ఉండును. చెట్టునుండి రాలిన కాయకు సైరను మ్రోగు అలారము ఏ ప్రమాణమునకును నిలువదు.

సవరణకు లొంగని సందర్భములు

కొన్నిమార్లు స్క్రూ కనిష్ఠమున ఉన్నను మ్రోత ఆగదు. అప్పుడు సెన్సారు ఉన్న చోటును చూడవలెను. గట్టి ఇనుపభాగమునకు స్క్రూలతో బిగించిన సెన్సారు ప్రతి చిన్న అదరును గ్రహించును. తీగల కట్టకు ప్లాస్టిక్ టై కట్టిన సెన్సారుకు అదరులు మెత్తబడి చేరును. కనుక స్క్రూతో కానిది స్థానపు మార్పుతో సాధ్యపడవచ్చును. డబుల్ సైడ్ టేపు ఎండకు ఊడి సెన్సారు వ్రేలాడుచున్నచో అది తన అదరునే దెబ్బయనుకొనును. అట్టిదానిని తిరిగి గట్టిగా అతికించిన చాలును.

విసుగుచే సైరను తీగను కత్తిరించుట, కారు బ్యాటరీ తీగ ఊడదీయుట తగని పనులు. కొన్ని సైరన్లలో సొంత బ్యాటరీ ఉండును. కారు బ్యాటరీ తీసిన వెంటనే దొంగ తీసెనని తలచి అవి మరింత గట్టిగా మ్రోగును. తుప్పు పట్టిన స్విచ్చు, తెగిన తీగ మొదలగు సందర్భములలో అనుభవము గల కారు ఎలక్ట్రీషియన్ సహాయము పొందవలెను. మనము వ్రాసికొనిన పుస్తకమును అతనికి చూపినచో అతని పని సగమగును, మన ఖర్చును సగమగును.

ధ్వని, పొరుగువారు, చట్టము

సైరను ధ్వని ఎంత దూరము పోవునో కొంచెము ఆలోచింపుడు. పై 97వ నిబంధన ప్రకారము సైరను 2 మీటర్ల దూరమున కనీసము 105 డెసిబెళ్ళు ఉండవలెను. బయలు ప్రదేశమున దూరము రెట్టింపైన ప్రతిమారు ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గును. 2నుండి 4, 8, 16, 32, 64 మీటర్లకు అయిదు రెట్టింపులు, అనగా 30 డెసిబెళ్ళ తగ్గుదల. 64 మీటర్ల దూరమున ఇంకను 75 డెసిబెళ్ళు మిగులును. ఇరుప్రక్కల గోడలు గల మన గల్లీలలో తగ్గుదల ఇంతకూడ ఉండదు.

భారతదేశమున 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను పరిమితిగా నిర్ణయించినవి. రాత్రి అనగా పది గంటలనుండి ఉదయము ఆరు గంటల వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల లోపలి నిశ్శబ్ద మండలమున పగలు 50, రాత్రి 40. మన లెక్కలోని 75కును, రాత్రి పరిమితియగు 45కును తేడా 30 డెసిబెళ్ళు. డెసిబెళ్ళ కొలతలో ప్రతి 10కి ధ్వని తీవ్రత పదిరెట్లగును గనుక, 30కి వేయి రెట్లు. ఒక్క కారు ఒక్క మ్రోతలో ఆరువదినాలుగు మీటర్ల దూరమునకు పంపు ధ్వని ఇంతటిది. నిజమైన ఆపదలో ఇది సమంజసమే. పిల్లి దూకినందుకు, మామిడికాయ రాలినందుకు మాత్రము కాదు. మన ఆస్తిని కాపాడుకొను హక్కు మనకు కలదు. పొరుగువారి నిద్ర కూడ వారి ఆస్తియేయని మరువరాదు.

ముగింపు

పైన చెప్పినది ఒక చిన్న స్క్రూ కథ. కాని అందులోని సూత్రము కారుకు మాత్రమే పరిమితము కాదు. వంటయింటి పొగ అలారము, ఆసుపత్రి తీవ్రచికిత్స విభాగమున రోగి ప్రక్క మ్రోగు యంత్రములు, రోగనిర్ధారణ పరీక్షలు, అన్నిటియందును ఒక హద్దు ఉన్నది. దానిని ఎవరో ఒకరు నిర్ణయింపవలసియున్నది. ఆసుపత్రులలో అనవసరపు మ్రోతలు హెచ్చి, విని విని నర్సుల చెవులు మొద్దుబారుటను వైద్యులు నేడు గంభీరమైన సమస్యగా గుర్తించియున్నారు. అచట తప్పిపోవునది కారు కాదు, ప్రాణము.

హద్దును నిర్ణయించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఏ వార్త మనకు కావలెను? అది తప్పిపోయిన నష్టమెంత? తప్పుగా మ్రోగిన నష్టమెంత? ఆ నష్టమును భరించువారెవరు? నాలుగవ ప్రశ్నను మనము తరచుగా మరచెదము. కారు అలారము విషయమున తప్పుడు మ్రోత నష్టమును భరించువాడు యజమాని కంటె ముందుగా ప్రక్కింటివాడు. సాంకేతిక విద్యనభ్యసించి రేపు యంత్రములను రూపొందించు విద్యార్థులు, అమర్చు విద్యార్థులు, బాగుచేయు విద్యార్థులు ఈ నాలుగు ప్రశ్నలను తమ పనిముట్ల పెట్టెలో స్క్రూడ్రైవరు ప్రక్కనే ఉంచుకొందురు గాక!